జపాను దేశపు కలప దిగుమతులు: చెట్లు పెంచు రైతులు గ్రహించవలసిన సంగతులు

వరి నాటిన రైతు నాలుగైదు మాసములలో తన పంట ధర తెలిసికొనును. చెరకు వేసినవానికి ఏడాదిలో తెలియును. చెట్టు నాటినవాని సంగతి అట్లు కాదు. మొక్క నాటిన నాటి ధర వేరు, చెట్టు నరుకు నాటి ధర వేరు. ఈ రెండింటి నడుమ గడచిన ఏండ్లలో ఎక్కడో ఒక రేవులో పరదేశపు ఓడ దింపిన దుంగలు మన చేలోని చెట్టు ధరను నిర్ణయించవచ్చును.

ఇది ఎట్లు జరుగునో తెలిసికొనుటకు జపాను దేశపు చరిత్రను మించిన ఉదాహరణము లేదు. ఆ దేశములో రైతులు, చిన్న భూస్వాములు లక్షల హెక్టార్లలో కలప చెట్లు నాటినారు. అవి కోతకు వచ్చునాటికి ఆ దేశము వాడు కలపలో అయిదింట నాలుగు పాళ్ళు పైదేశములనుండియే వచ్చుచుండెను. ఇట్లు ఏల జరిగినది, దానివలన ఎవరికి ఎంత నష్టము కలిగినది, మరల ఎట్లు కొంత కుదుటపడినది, ఈ సంగతులను వరుసగా చూతము.

మెత్తని కలప అనగా నేమి?

కలప వ్యాపారములో చెట్లను రెండు తెగలుగా విభజింతురు. సూదులవంటి ఆకులుండి, పొలుసులతో కూడిన శంకువువంటి కాయలు కాయు దేవదారు, పైన్, స్ప్రూస్ మొదలగు చెట్ల కలపను మెత్తని కలప అందురు. వెడల్పాటి ఆకులు గల టేకు, మద్ది, వేప మొదలగువాని కలపను గట్టి కలప అందురు. ఈ పేర్లు చెట్టు జాతిని బట్టి వచ్చినవే గాని, గోటితో గిల్లి చూచిన మెత్తదనమును బట్టి వచ్చినవి కావు. మన బూరుగు చెక్క ఎంత మెత్తనిదైనను గట్టి కలప తెగలోనిదే. సరుగుడు చెట్టు చూపునకు సూదుల ఆకులు గలదివలె ఉండును గాని, ఆ సూదులు నిజమునకు సన్నని రెమ్మలు. అదియును మెత్తని కలప తెగలోనిది కాదు.

మెత్తని కలప చెట్లు నిటారుగా, పొడవుగా పెరుగును. వాని కలప తేలికగా ఉండును, రంపమునకు సులభముగా తెగును, మేకును బాగుగా పట్టును. అందుచేత ఇండ్లను కొయ్యతో కట్టుకొను దేశములన్నిటిలో దీనికే గిరాకి. జపానులో ఇండ్లు చాలవరకు కొయ్య స్తంభములు, దూలములతో కట్టుదురు. వారి సొంత చెట్లలో ముఖ్యమైనవి సుగి, హినోకి అనునవి. రెండును మెత్తని కలప తెగలోనివే.

బోడికొండలపై నాటులు

జపాను భూమిలో మూడింట రెండు వంతులు, అనగా సుమారు 250 లక్షల హెక్టార్లు అడవియే. అయినను రెండవ ప్రపంచ యుద్ధకాలములోను, ఆ తరువాతి కొద్ది ఏండ్లలోను అక్కడి కొండలను విపరీతముగా నరికినారు. కొండలు బోడులైనవి. తుఫానులు వచ్చినప్పుడు వరదలు, కొండచరియలు ఊళ్ళను ముంచెత్తినవి. మరొక ప్రక్క కాలిపోయిన పట్టణములను తిరిగి కట్టుటకు కలప కావలసియుండెను.

అందుచేత ప్రభుత్వము చెట్లు నాటుటను జాతీయోద్యమముగా నడిపినది. నాటుబడికి సహాయధనము ఇచ్చినది. నాటులు ముమ్మరముగా సాగిన రోజులలో, ఒక్కొక్క ఏట 4 లక్షల హెక్టార్లకు పైగా నాటిన సందర్భములు ఉన్నవి. అదే కాలమున వంటకు బొగ్గు బదులు కిరసనాయిలు, గ్యాసు వాడుక హెచ్చినది. బొగ్గుకై పెంచుకొనుచున్న వెడల్పాకుల అడవులకు విలువ తగ్గినది. వానిని నరికి ఆ చోట సుగి, హినోకి నాటినారు. నేడు జపానులో నాటి పెంచిన అడవి సుమారు కోటి హెక్టార్లు, అనగా రెండున్నర కోట్ల ఎకరములు. దానిలో నూటికి 40 పాళ్ళకు పైగా సుగియే.

సుగి కోతకు రావలెనన్న 40 నుండి 50 ఏండ్లు పట్టును. కావున నాటిన తండ్రికి తన కొడుకో మనుమడో కోసికొనునని తెలియును. నాటి ధరలు చూచినవారికి ఇది బ్యాంకులో వేసిన సొమ్మువలెనే తోచినది.

రేవులు తెరచిన నాడు

ఇక్కడ ఒక చిక్కు వచ్చినది. నాటిన మొక్కలు ఇంకను పిల్లచెట్లుగా ఉండగనే దేశము వేగముగా పెరిగినది. పల్లెలనుండి జనము పట్టణములకు తరలినారు. ఇండ్లకు కలప చాలక 1960 ప్రాంతమున ధరలు మండిపోయినవి. అడవిలో ఉన్నవి లేతచెట్లు, ఊరిలో కావలసినది నేటి దూలము. ప్రభుత్వమునకు వేరు దారి లేక కలప దిగుమతులపై ఉన్న అడ్డంకులను ఒక్కొక్కటిగా తీసివేసినది. 1964 నాటికి కలప దిగుమతి పూర్తిగా స్వేచ్ఛ పొందినది.

దానికి రెండేండ్లు ముందు సముద్రమునకు ఆవలి ఒడ్డున మరొక సంగతి జరిగినది. 1962 అక్టోబరు 12వ తేదీన అమెరికా పడమటి తీరమున ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రములలో పెనుగాలి వీచి లెక్కలేనన్ని చెట్లను పడగొట్టినది. పడిన చెట్లు పుచ్చిపోకముందే అమ్ముకొనవలెను. అక్కడి మిల్లులు అంత కలపను కోయజాలక పోయినవి. ఆ దుంగలు ఓడలెక్కి జపానుకు వచ్చినవి. అట్లు బలపడిన వ్యాపారము, గాలి దెబ్బ తగిలిన కలప అయిపోయిన తరువాత కూడ ఆగలేదు. డగ్లస్ ఫర్, హెమ్లాక్ అను అమెరికా మెత్తని కలపలు జపాను ఇండ్లలో దూలములు, స్తంభములు అయినవి. సోవియట్ దేశపు తూర్పు ప్రాంతమునుండి లార్చ్, స్ప్రూస్ దుంగలు వచ్చినవి. ప్లైవుడ్డుకు ఆగ్నేయాసియానుండి లవాన్ అను గట్టి కలప వచ్చినది.

ఇక అన్ని రకముల కలపను కలిపి చూచినచో, దేశపు వాడకములో స్వదేశపు కలప వాటా ఎట్లు మారినదో గమనింపుడు. 1955లో నూటికి 90 పాళ్ళు మించియుండెను. 1969 నాటికి సగమునకు దిగువ అయినది. 2002లో నూటికి 19 పాళ్ళకు కూడ చేరలేదు. అదియే అన్నిటికంటె తక్కువ. వింత ఏమనగా, ఈ మధ్యకాలములో అడవిలోని చెట్లు తగ్గలేదు. అవి ఏడాదికేడాది లావెక్కుచునే ఉన్నవి.

దిగుమతి కలప ఏల గెలిచినది?

చౌక ఒక్కటే కారణమనుకొనుట పొరపాటు. కారణములు కనీసము మూడు ఉన్నవి.

మొదటిది, ఒకే కొలత, ఒకే తీరు సరకు కావలసినంత దొరకుట. ఓడలో వచ్చిన దుంగలు పెద్దవి, వేల సంఖ్యలో ఒక్కమారే దిగును. రేవు ప్రక్కననే పెద్ద కోత మిల్లులు వెలసినవి. స్వదేశపు కలపయో, అయిదెకరములు పదెకరములు గల చిన్న యజమానుల చేతులలో, నిట్రమైన కొండవాలులపై, బండి పోవు బాటలు చాలక ఉన్నది. ఒక్క లారీ దుంగలకు పలువురితో బేరమాడవలసి వచ్చును.

రెండవది, నాణెపు మారకము. 1985లో అయిదు దేశముల మధ్య కుదిరిన ఒప్పందము తరువాత యెన్ను విలువ త్వరగా హెచ్చినది. డాలరుకు 240 యెన్ల ప్రాంతమున ఉన్నది మూడేండ్లలో సుమారు సగమునకు దిగినది. అనగా పరదేశపు కలప, అక్కడి ధర మారకపోయినను, జపానులో సగము ధరకే దొరికినట్లయినది. ఇందులో సుగి యజమాని చేసిన తప్పు ఏమియు లేదు, చేయగలిగినదియు లేదు.

మూడవది, కొనువాని కోరిక మారుట. 1995 జనవరిలో కోబే పట్టణ ప్రాంతమున గొప్ప భూకంపము వచ్చి పాత కొయ్య ఇండ్లు అనేకము కూలినవి. 2000 సంవత్సరమునుండి కొత్త ఇంటి ముఖ్యభాగములకు పదేండ్ల పూచీ ఇవ్వవలెనని చట్టము వచ్చినది. అప్పటినుండి ఇల్లు కట్టువారు వంగని, పగలని, బాగుగా ఎండిన దూలమునే అడుగసాగినారు. సుగి చేవలో నీరు ఎక్కువ, ఎండించుట కష్టము. ఫిన్లాండు, స్వీడన్, ఆస్ట్రియా దేశములవారు తమ స్ప్రూస్, పైన్ కలపను పలకలుగా కోసి, కొలిమి గదులలో ఎండించి, జిగురుతో అతికి, కొలతకు సిద్ధము చేసి పంపినారు. అంతదూరమునుండి వచ్చినను అది అమ్ముడు పోయినది. మొదట దుంగలుగా వచ్చు దిగుమతి, తరువాత కోసిన కలపగాను, ఆ తరువాత అతికిన దూలముగాను మారుట ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు.

ధర పడినప్పుడు దెబ్బ ఎవరికి?

రైతులు శ్రద్ధగా చూడవలసిన లెక్క ఇది. సుగి ధర 1980లో శిఖరమునకు చేరినది. అప్పుడు అంగడిలో దుంగ ధర ఘనపు మీటరుకు, అనగా సుమారు 35 ఘనపుటడుగులకు, 39,000 యెన్లకు పైబడి ఉండెను. దానిలో నిలిచియున్న చెట్టుకు యజమానికి ముట్టినది సుమారు 22,700 యెన్లు. 2019 ప్రాంతమునకు దుంగ ధర సుమారు 13,500 యెన్లకు పడినది. యజమానికి ముట్టునది సుమారు 3,000 యెన్లు మాత్రమే.

దుంగ ధర మూడవ వంతుకు పడినది. యజమాని పాలు ఏడవ వంతుకంటె కూడ తక్కువకు పడినది. ఇట్లేల? కోత కూలి, దుంగలను కొండ దించు ఖర్చు, లారీ బాడుగ, ఇవి దుంగ ధరతో పాటు అంతగా తగ్గవు. కోతవాడు తన కూలి ముందుగా తీసికొనును. లారీవాడు తన బాడుగ తీసికొనును. అందరి పాళ్ళు పోగా చివర మిగిలినదే చెట్టు యజమానిది. 1980లో దుంగ ధరలో సగమునకు పైగా యజమానికి చేరినది. 2019 ప్రాంతమున నాలుగవ వంతు కూడ చేరలేదు. మిగులు మీద బ్రతుకువానికి ధర హెచ్చినప్పుడు లాభము ఎక్కువ, తగ్గినప్పుడు నష్టము ఇంకను ఎక్కువ. ఈ సూత్రము జపాను సుగికి ఎంత నిజమో మన జామాయిలుకు, సుబాబులుకు అంతే నిజము.

చెట్లు ఉన్నను అడవి చెడుట

ధర లేనప్పుడు నరకకుండ ఉంచినచో చెట్టుకు నష్టమేమి అని మీరు అడుగవచ్చును. నాటిన అడవి సంగతి వేరు. సుగి మొక్కలను హెక్టారుకు 3,000 ప్రాంతమున దగ్గర దగ్గరగా నాటుదురు. పెరిగినకొలది మధ్య మధ్య చెట్లను తీసి పలుచన చేయవలెను. ఆ తీసిన సన్నని చెట్లను అమ్మి ఖర్చు రాబట్టుకొనుట వాడుక. సన్నని కలపకు గిరాకి పోయినది. పలుచన చేయుట ఖర్చే గాని రాబడి కాదు. అందుచేత చాలమంది మానివేసినారు.

పలుచన చేయని అడవిలో చెట్లు సన్నగా, బలహీనముగా పెరుగును. ఎండ నేలకు దిగదు. క్రింద గడ్డి, పొదలు మొలవవు. వాన నేరుగా వట్టి నేలను కొట్టి మన్నును కోసికొని పోవును. ఏ వరదల భయముతో నాటినారో ఆ భయమే మరల వచ్చినది. సుగి పుప్పొడివలన ప్రతి వసంతకాలమున పట్టణవాసులు తుమ్ములతో, కంటి నీటితో బాధపడుట మరొక ఫలితము.

మనుషులును తగ్గినారు. అడవిపనిచేయువారు 1980లో సుమారు 1,46,000 మంది ఉండగా, 2020లో సుమారు 44,000 మంది మిగిలినారు. తండ్రి నాటిన అడవి హద్దులు పట్టణమున ఉన్న కొడుకుకు తెలియవు. తాత పేరుననే దస్త్రములో ఉండిపోయిన భూములు అనేకము. వారసత్వము నమోదు చేయించుకొనుట తప్పనిసరి అను నియమము 2024 ఏప్రిలులో గాని అమలునకు రాలేదు. యజమాని ఎవరో తెలియని అడవిని పలుచన చేయుటకు గాని, బాట వేయుటకు గాని ఎవరి అనుమతి అడుగవలెను?

గాలి మరలుట

దిగుమతియు ఎల్లప్పుడు ఒక్క తీరున ఉండదు. అమెరికాలో గుడ్లగూబ జాతి ఒకటి అంతరించు ప్రమాదములో ఉన్నదని 1990లో ప్రకటించి, ప్రభుత్వపు అడవులలో నరకుట బాగుగా తగ్గించినారు. ఇండోనీషియా 1985 నాటికి దుంగల ఎగుమతిని నిలిపివేసినది. ప్లైవుడ్డు మిల్లులు లవాన్ వదలి రష్యా లార్చ్‌కు మారినవి. 2007లో రష్యా దుంగల ఎగుమతిపై సుంకము పెంచినది. అప్పుడు మిల్లులు తమ కొండలమీది సుగి వైపు చూచినవి. సన్నని సుగి దుంగను పొరగా ఒలుచు యంత్రములు వచ్చినవి. 2010లో ప్రభుత్వపు కట్టడములలో కలప వాడుకను ప్రోత్సహించు చట్టము చేసినారు. స్వదేశపు వాటా మెల్లమెల్లగా పెరిగి 2020లో నూటికి 40 పాళ్ళు దాటినది.

అయితే ఈ పెరుగుదలను జాగ్రత్తగా అర్థము చేసికొనవలెను. 1973లో ఏడాదికి సుమారు 19 లక్షల కొత్త ఇండ్లు కట్టుచుండగా, 2009నుండి పది లక్షలకు దిగువననే ఉన్నది. వాడకమే తగ్గుటవలన కూడ స్వదేశపు పాలు ఎక్కువగా కనిపించును.

2021లో మరొక పరీక్ష వచ్చినది. అమెరికాలో ఇండ్ల కట్టుబడి హెచ్చి, ఓడలకు పెట్టెలు దొరకక, జపానుకు కలప రాక తగ్గినది. ధరలు ఒక్కసారిగా ఎగసినవి. 2022లో రష్యా మెత్తని కలప దుంగల ఎగుమతిని నిషేధించినది. అడవినిండ కోతకు వచ్చిన చెట్లున్నవి. కాని వానిని వెంటనే దించుటకు కూలీలు చాలలేదు, బాటలు చాలలేదు, ఎండించు కొలిమి గదులు చాలలేదు. అరువదేండ్లు దిగుమతిపై ఆధారపడిన దేశము చెట్లను పోగొట్టుకొనలేదు. చెట్టును సరకుగా మార్చు పనివానిని, పనిముట్టును, బాటను పోగొట్టుకొన్నది. చెట్టు నిలిచియుండుట వేరు, కలప అంగడికి చేరుట వేరు.

ఆ లోటు తీర్చుటకే 2019లో కొత్త ఏర్పాటు చేసినారు. యజమాని చూచుకొనలేని అడవిని పురపాలక సంఘము తన అధీనమునకు తీసికొని సాగు చేయించవచ్చును. దాని ఖర్చుకై 2024నుండి తలకు ఏడాదికి 1,000 యెన్ల పన్ను వేయుచున్నారు. ఒకనాడు నాటుటకు ప్రభుత్వము సొమ్మిచ్చినది. నేడు ఆ నాటిన చెట్లను సాకుటకు ప్రజలు సొమ్మిచ్చుచున్నారు.

మన రైతులు చేయదగిన పనులు

మన దేశపు 1988 అటవీ విధానము ప్రకారము పరిశ్రమలు తమకు కావలసిన కలపను వీలైనంతవరకు రైతులు పెంచిన చెట్లనుండి పొందవలెను. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ జిల్లాలలో జామాయిలు, సుబాబులు, సరుగుడు తోటలు విస్తరించుటకు ఇదియు ఒక కారణము. మన దేశమునకు కూడ దిగుమతి కలప వచ్చుచున్నది. 2010 దశకములో న్యూజీలాండు పైన్ దుంగలు గుజరాతులోని కాండ్లా రేవులో దిగి, అక్కడి మిల్లులలో పలకలై, పెట్టెలకు, కట్టుబడి పనులకు దేశమంతట పోయినవి. కనుక జపాను అనుభవము మనకు దూరపు కథ కాదు. ఈ క్రింది సంగతులు గుర్తుంచుకొనుడు.

1. చెట్టు కాలము లెక్కించుకొనుడు. సుబాబులు, జామాయిలు, సరుగుడు కొద్ది ఏండ్లలో కోతకు వచ్చును, ధర మారినచో పంట మార్చుకొనవచ్చును. టేకు వంటి దీర్ఘకాలపు చెట్లను నేటి ధర చూచి నాటరాదు. అది మీ బిడ్డలు అమ్ముకొనునది. దానిని గట్లమీద, కొంత భాగములోనే పెట్టుట క్షేమము.

2. టన్ను ధర కాక, మిగులు లెక్క వేయుడు. మిల్లు గేటు వద్ద ధరలోనుండి నరుకుడు కూలి, తొక్క తీయు కూలి, ఎత్తుడు, లారీ బాడుగ తీసివేసి చూడుడు. మిల్లుకు దగ్గరనున్న రైతుకు లాభమైన తోట, దూరమున ఉన్నవానికి నష్టము కావచ్చును. ఇదే లెక్కను ధర మూడవ వంతు తగ్గినట్లు భావించి మరొకమారు వేయుడు. అప్పటికిని కౌలు, పెట్టుబడి వచ్చునట్లున్నచో నాటుడు.

3. భూమి అంతయు ఒక్క ఏడే నాటకుడు. నాలుగు భాగములు చేసి ఏటికొక భాగము నాటినచో, ఏటికొక భాగము కోతకు వచ్చును. చెడ్డ ధర వచ్చిన ఏడు మొత్తము తోట చిక్కుకొనదు.

4. ఇరుగుపొరుగు రైతులు కలిసి ఒకే కాలమున నరికించుడు. లారీ నిండినప్పుడు బాడుగ తగ్గును, ఒకే కొలత సరకు ఎక్కువగా ఉన్నప్పుడు బేరమునకు బలము వచ్చును. పరదేశపు కలప జపానులో గెలిచినది ఈ బలముతోనే.

5. కలప కొరకు పెంచు తోటను పలుచన చేయవలసిన ఏట పలుచన చేయుడు. ధర లేదని వాయిదా వేసిన పని చెట్టు లావును, నిటారుతనమును చెరచును. తరువాత ధర వచ్చినను ఆ చెట్టు దూలమునకు పనికిరాదు.

6. పట్టాదారు పాసుపుస్తకము, హద్దురాళ్ళు, వారసుల పేర్లు సరిగా ఉంచుకొనుడు. ఏండ్ల తరబడి నిలుచు పంటకు మన్ను ఎంత ముఖ్యమో కాగితము అంత ముఖ్యము.

నాటుడని మిమ్ము ప్రోత్సహించువారు మొక్క ధర, సహాయధనము, నేటి టన్ను ధర చెప్పుదురు. కోత నాటికి కొనువాడు ఎవడు, అతనికి ఏ తీరు సరకు కావలెను, అదే సరకు వేరొకచోటనుండి ఏ ధరకు రాగలదు అను మూడు ప్రశ్నలు వారిని అడుగుడు. జవాబు దొరకినంతమేరకే నేలను చెట్టుకు ఇయ్యుడు. మిగిలిన నేలలో ఏటేట తిండినిచ్చు పంటనే వేసికొనుడు.